గూడబాతు జెర్సీ

ఐపీఎల్ మొదలైన ఏడాది మా వైస్ ఛాన్సలర్ పాండురంగారావు గారికి పేరు పిచ్చి పట్టింది. తన పేరు కాదు లెండి, అది అప్పటికే క్యాంపస్‌లో ప్రతి శిలాఫలకం మీదా ఉంది. ఆయన బాధంతా ఆటల జట్ల గురించి. టీవీలో కనిపించే జట్లన్నిటికీ రాజులనో వీరులనో ఒక పేరుంటే, మన యూనివర్సిటీ జట్లను "గూడెం వాళ్ళు" అని పిలవడం ఏమిటని.

ఆ యూనివర్సిటీలో నేను ఫిజికల్ డైరెక్టర్ని. నా పేరు దేవకుమారి. రోజూ ఏలూరు నుంచి పాసింజరులో తాడేపల్లిగూడెం వచ్చి, సాయంత్రం అదే పాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. మా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మ్యాట్ లేదు. వాళ్ళు బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు. వానాకాలం వస్తే గ్రౌండులో సగం మడుగు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మాకు దిబ్బ ఎటూ ఉంది కాబట్టి ఇక పేరు సంపాదిద్దామన్నారు వీసీ గారు. దానికో కమిటీ వేసి, నా మోకాళ్ళ నొప్పులు చాలవన్నట్టు నన్ను అందులో కూర్చోబెట్టారు.

ఆ కమిటీ మీటింగుల గురించి చెప్పాలంటే నాకిప్పటికీ ఆవలింతలొస్తాయి. ప్రతిసారీ సింహం వచ్చేది, గద్ద వచ్చేది, గోదావరి కింగ్స్ వచ్చేది. తర్వాత టీ వచ్చేది. టీ తాగాక అందరూ మళ్ళీ సింహం దగ్గరికి వచ్చేవారు. చివరికి జువాలజీ ప్రొఫెసరు వెంకట్రాజు గారు లేచారు. ఆయన ఆదివారమొస్తే మెడలో బైనాక్యులర్ వేసుకుని కొల్లేటి గట్ల మీద తిరిగే మనిషి, ఎవరికీ హాని తలపెట్టడు.

"మన ప్రాంతానికి పేరు తెచ్చింది ఏదండీ? కొల్లేరు. కొల్లేటికి పేరు తెచ్చింది? గూడబాతు. ఎక్కడెక్కడి జనమో దాన్ని చూడటానికి వస్తున్నారు. మన జట్టుకు దాని పేరు ఎందుకు పెట్టుకోకూడదండీ?" అన్నారు.

"బాతు పేరు పెట్టుకుని కబడ్డీకి వెళ్తే అవతలివాళ్ళు నవ్వరాండి?" అన్నాను.

"బాతు అని ఎందుకండీ మేడం? పెలికాన్స్ అందాం."

ఇంగ్లీషులోకి రాగానే బాతుకు గౌరవం వచ్చేసింది. కొల్లేరు పెలికాన్స్. వీసీ గారు రెండుసార్లు పైకి అనుకుని చూసి, బల్ల మీద చెయ్యి చరిచారు. నాకు పాసింజరు అందింది.

దసరా సెలవుల తర్వాత కొత్త జెర్సీలు వచ్చాయి. ఆకుపచ్చ గుడ్డ మీద, సరిగ్గా గుండెల దగ్గర, తెల్లటి గూడబాతు బొమ్మ. ముక్కు కింద సంచీ కూడా వేశారు. కబడ్డీ పిల్లలందరినీ పిలిచి పంచుతుంటే మా కెప్టెన్ సౌజన్య తన జెర్సీ విప్పి చూసి, మళ్ళీ మడత పెట్టి నా బల్ల మీద పెట్టింది.

"మేడం, నేను సౌత్ జోన్‌కి రానండి."

సౌజన్య ఎం.కాం. రెండో ఏడాది. కైకలూరు అవతల ఒక కొల్లేటి లంక వాళ్ళది. నా సర్వీసులో చాలామంది పిల్లల్ని చూశాను గానీ, అలా కూత పెట్టే పిల్లను చూడలేదు. రైడుకు వెళ్తే అవతలి జట్టంతా మీద పడ్డా కూత తెగేది కాదు. సౌత్ జోన్ యూనివర్సిటీల టోర్నమెంటులో ఆడి సర్టిఫికెట్ తెచ్చుకుంటే పోలీసు ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా కింద దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆ పిల్ల రెండేళ్ళుగా ఒళ్ళు హూనం చేసుకుంటోంది. అదే చివరి అవకాశం, చదువు అయిపోతే మళ్ళీ యూనివర్సిటీ తరఫున ఆడటానికి లేదు.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండి. ఈ పిట్ట బొమ్మ నేను వేసుకోకూడదండి. మా ఊరి కట్టుబాటండి."

మిగతా పిల్లల్ని పంపేసి తలుపు దగ్గరకు వేశాను. నెమ్మదిగా చెప్పింది. రెండేళ్ళ కిందట, కొల్లేరును పక్షులకు వదిలెయ్యాలని కోర్టు ఆర్డరు వచ్చినప్పుడు పొక్లెయిన్లు దిగి చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశాయి కదా. వాళ్ళ నాన్న మల్లయ్యది కూడా పోయింది, పట్టుబడికొచ్చిన చేపతో సహా. అప్పుడు ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఆ పక్షి పేరు మీద వచ్చే అన్నం మనం ముట్టకూడదు. టూరిస్టులకు పడవ వెయ్యకూడదు. పక్షుల కేంద్రంలో ఉద్యోగం చెయ్యకూడదు. దాని బొమ్మ ఇంట్లో పెట్టకూడదు, ఒంటి మీద వేసుకోకూడదు. తప్పినవాళ్ళకు వెలి. లంకల్లో కట్టుబాటంటే మాటలు కాదు. పోలీసు కేసునైనా మాఫీ చేయించుకోవచ్చు గానీ ఊరి మాట తప్పినవాడికి ఊళ్ళో నీళ్ళు పుట్టవు.

"వెలేస్తే, పక్షుల హద్దు బయట ఉండి మిగిలిన ఊరి ఉమ్మడి చెరువులో వాటా పోతదండి. మా చెరువు పోయాక మేం తింటున్నది ఆ వాటా మీదేనండి."

"నీకా పిట్టంటే అంత కోపమా?"

"నాకెందుకండి కోపం? చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. అది చేపలు తింటది, మేమూ తింటాం. మాటిచ్చింది మా నాన్న కదండి."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకూ ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టే పని ఉండేది.

వీసీ గారి దగ్గరికి వెళ్ళాను. ఒక్క కబడ్డీ జట్టును ఈ ఒక్కసారికి పాత జెర్సీలతో పంపిద్దామన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పేరు పెట్టాక మొదటి టోర్నమెంటు మేడం ఇది. పేపరువాళ్ళకు చెప్పేశానండి. మొదటిదానికే పేరు లేకుండా పంపుతామా? ఆ అమ్మాయి కాకపోతే ఇంకో అమ్మాయి. జట్టన్నాక ఒకరి కోసం ఆగుతుందాండి?"

అక్కడే ఉన్న వెంకట్రాజు గారి మొహం చిన్నబోయింది. "పక్షి ఏం పాపం చేసిందండీ, మేడం?" అన్నారు. ఆ మాట ఆయన నిజంగానే బాధపడి అన్నారు.

"పక్షి ఏ పాపమూ చెయ్యలేదండి. ఆ ఊరూ చెయ్యలేదు. అందుకే ఎవర్ని తిట్టుకోవాలో తెలియక మీ దగ్గరికి వచ్చాను," అన్నాను. ఎవరో ఒకరు తప్పు చేసినా బాగుండేది, కడుపారా తిట్టి ఇంటికి పోయేదాన్ని.

ఆ ఆదివారం ఆరాధన మానేసి కైకలూరు బస్సెక్కాను. దేవుడు అర్థం చేసుకుంటాడు గానీ మా పాస్టరు గారు చేసుకోరు. కైకలూరులో దిగి, మేత బస్తాల మధ్య చోటిచ్చిన ఒక ఆటోలో లంకకు బయల్దేరాను. దారికి రెండు వైపులా తెగిన గట్లు. ఒకప్పుడు చెరువులుగా ఉన్న చోటంతా గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంది. అక్కడక్కడా గూడబాతులు హాయిగా తేలుతున్నాయి. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండింది. వెంటనే, పాపం వాటికేం తెలుసు అనిపించింది.

స్కూలు వరండాలో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద నాగరాజు గారు. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నంత మెత్తగా ఉంది.

"రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. ముందు కాస్త మజ్జిగ పుచ్చుకోండి."

మజ్జిగ తాగి సంగతంతా చెప్పాను. అది పక్షి ఇచ్చే అన్నం కాదని, ఆట బట్టలేనని, ఆ పిల్ల జీవితం దాని మీద ఉందని చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

"అమ్మాయి మా అమ్మాయేనండి. దాని ఆటంటే మాకూ ముచ్చటేనండి. కానండి, పోయినేడు మా ఊరి మణెమ్మ కొడుక్కి పక్షుల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మణెమ్మకి మొగుడు లేడు. ఇదే వరండాలో నా కాళ్ళు పట్టుకుంది. వద్దన్నాం. వాడిప్పుడు హైదరాబాదులో తాపీ పనికి పోతున్నాడండి. వాడికి కాదన్నది మల్లయ్య కూతురికి ఔనంటే, రేపు మణెమ్మ మొహం నేనెలా చూడమంటారు?"



"బొమ్మ మీద గుడ్డ ముక్క వేసి కుట్టేస్తే?" అన్నాను. నా మాట నాకే హీనంగా వినిపించింది.

"కింద ఉంటది కదండి," అన్నారాయన, నొచ్చుకోకుండా.

మల్లయ్య వరండా మెట్ల మీద కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. మీటింగు అయ్యాక నన్ను ఇంటికి తీసుకెళ్తే, అతని భార్య సావిత్రి చేపల పులుసుతో అన్నం పెట్టింది. సౌజన్య మాట ఎవరం ఎత్తలేదు. పులుసు బాగుందన్నాను, ఇంకాస్త వేసుకోండంది. అంతకంటే ఏం మాట్లాడుకుంటాం?

ఆటో దాకా మల్లయ్య వెంట వచ్చాడు. గట్టు మీద సగం దూరం నడిచాక అడిగాడు.

"ఎప్పుడు బయల్దేరాలండి?"

"ఎవరు?"

"అమ్మాయండి. పంపుతానండి."

"మరి ఊరు?"

"మాటిచ్చింది నేను, తప్పేదీ నేనేనండి. అమ్మాయికి మాత్రం పెద్దలు ఒప్పుకున్నారని చెప్పండి. నిజం తెలిస్తే అది రాదండి." తెగిన గట్టు వైపు చూశాడు. "మిషను వచ్చిననాడు అడ్డం పడుకుందామనుకున్నానండి. కాళ్ళు రాలేదు. పిల్లకి ఇదైనా చెయ్యనివ్వండి."

వద్దని ఒక్కసారి అన్నాను. రెండోసారి అనలేదు. నా ప్రాణం కుదుటపడింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఆ రెంటితోనూ ఏలూరు దాకా బస్సులో నిలబడి వచ్చాను.

పెద్దలు ఒప్పుకున్నారని మర్నాడు సౌజన్యకు చెప్పాను. టోర్నమెంటు కర్ణాటకలో. మొదటి మ్యాచ్ ముందు టీమ్ ఫోటోకు నిలబడమంటే సౌజన్య రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిలబడింది. ఫోటోగ్రాఫరు చేతులు దించమన్నాడు. దించింది. ఆ తర్వాత కోర్టులోకి దిగి ఆడిన ఆట నేను జీవితంలో మరచిపోను. సెమీఫైనల్లో ఓడిపోయి, చివరికి మూడో స్థానంతో వచ్చాం. మా యూనివర్సిటీ చరిత్రలో అదే గొప్ప. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున రైల్లో ఆ పిల్ల దాన్ని కవరులోంచి తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి చూసుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జిల్లా పేపర్లో ఫోటో రంగుల్లో వచ్చింది. 'రెక్కలు విప్పిన పెలికాన్స్' అని హెడ్డింగు. వీసీ గారు దాన్ని ఫ్రేము కట్టించారు. లంకలో దాన్ని ఫ్రేము కట్టించాల్సిన పని లేకపోయింది, ఊరంతా చేతులు మార్చుకుని చూశారు.

పెద్దలు మల్లయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారట. నాగరాజు గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఏం చెయ్యమంటారండీ మల్లయ్య గారూ" అన్నారట. చిన్నప్పట్నుంచీ ఒరే అని పిలిచిన మనిషి అలా గారూ అనేసరికి సావిత్రికి అర్థమైపోయిందట. మా గోదావరి జిల్లాల మర్యాదే మర్యాద, వెలి వేసేటప్పుడు కూడా అండీ అనే వేస్తాం. ఉమ్మడి చెరువులో వాటా ఆగిపోయింది. క్రిస్మస్ దాటే లోపు మొగుడూ పెళ్ళాం ఇంటికి తాళం వేసి కైకలూరు వచ్చేశారు. అతను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పనికి, ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డుకు. నిజం తెలిశాక సౌజన్య నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం. అయినా ప్రాక్టీసు మానలేదు. వేసవిలో పోలీసు సెలక్షన్లు నెగ్గి ట్రైనింగుకు వెళ్ళింది. పోయింది పోయినా ఆ ఇంటికి ఒక ఉద్యోగం దక్కిందని నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఆ జూన్‌లో పాండురంగారావు గారి పదవీకాలం అయిపోయింది. కొత్త వీసీ గారు వచ్చిన నెలలోనే మీటింగు పెట్టారు. అదే హాలు, అదే టీ.

"ఇదేంటండీ, బాతు బొమ్మ? మొన్న ఇంటర్ కాలేజీ ఫంక్షన్లో నన్నెవరో బాతుల యూనివర్సిటీ వీసీ గారా అని అడిగారండి. మార్చేద్దాం," అన్నారాయన.

"ఉండనివ్వండి సార్," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. రిజిస్ట్రారు పాత ఫైలు తిరగేసి, "నవ్వుతారని మొదట అభ్యంతరం చెప్పింది మీరే కదండీ మేడం, మినిట్స్‌లో ఉంది," అన్నారు.

"చెప్పానండి. ఇప్పుడు కూడా నవ్వుతారు. అయినా ఉండనివ్వండి. ఆ బొమ్మ వేసుకున్నందుకు ఒక కుటుంబం ఊరు విడిచి పోయిందండి. వాళ్ళకు ఆ నష్టం జరిగి ఏడాది కూడా తిరగలేదు. అప్పుడే ఆ పేరు మనకు అక్కర్లేదంటే, వాళ్ళు దేనికోసం పోయినట్టండీ?"

నా గొంతు పెరిగింది. నాకు తెలుస్తూనే ఉంది, తగ్గించుకోలేకపోయాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాను. వెంకట్రాజు గారు ఒక్కరే "మేడం చెప్పింది ఆలోచించాలండి" అన్నారు. ఆయన పక్షి కోసం అన్నారో మల్లయ్య కోసం అన్నారో అడగలేదు, ఆ పూటకు నాకు తోడు దొరకడమే గొప్ప.

"సెంటిమెంటు వేరండి మేడం, స్పోర్ట్స్ వేరు," అన్నారు కొత్త వీసీ గారు, చాలా మర్యాదగా. టీ చల్లారేలోపు పేరు తేలిపోయింది. గూడెం టైగర్స్. పులిబొమ్మ ఇంటర్నెట్‌లో దొరుకుతుందన్నారు ఎవరో.

పేపర్లో చూసి తెలుసుకోవడం కంటే నేనే చెప్పడం నయమని మర్నాడు సెలవు పెట్టి కైకలూరు వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ ముందు లారీలోకి దిమ్మలు ఎక్కిస్తున్నారు. మల్లయ్య నన్ను చూసి గోనెపట్టా భుజం మీంచి తీసేసి వచ్చాడు. అతని చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"అమ్మాయి ఫోన్ చేసిందండి. బానే ఉందట," అన్నాడు నేనడగకముందే.

చెప్పాను. పేరు మార్చేశారని, ఇక ఆ బొమ్మ ఉండదని.

"మా ఊరోళ్ళ కోసమాండి?" అని అడిగాడు. అతని మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. దాన్ని చూసి అబద్ధం చెబుదామనిపించింది.

"కాదు మల్లయ్య గారూ. బాతు బాగాలేదన్నారు."

తల ఊపాడు.

"నేను నాగరాజు గారి దగ్గరికి వెళ్ళి, ఊరి మాట మీదే పేరు మార్చారని చెప్తాను. బొమ్మే లేనప్పుడు వెలి దేనికి? వాటా మళ్ళీ కలుపుకుంటారేమో," అన్నాను.

"వద్దండి. తప్పు చొక్కాది కాదు కదండి, మాటది. చొక్కా మారిస్తే మాట తిరిగొస్తదాండి?" అన్నాడు. కోపంగా అనలేదు. "మణెమ్మ కొడుకు ఇంకా తాపీ పనిలోనే ఉన్నాడండి. నేనెలా వెళ్తాను?"

లారీ దగ్గర్నుంచి ఎవరో పిలిచారు. వస్తున్నానని చెయ్యి ఊపి, వెళ్ళబోతూ ఆగాడు.

"ఇప్పుడేం పేరెట్టారండి?"

"పులి."



"పులుల కోసం కూడా ఎక్కడో అడివిలో ఊళ్ళు ఖాళీ చేయిస్తారంటగా అండి. టీవీలో చూపించారు. మీ పిల్లల్లో అటేపు వాళ్ళెవరైనా ఉన్నారేమో... చొక్కాలు కుట్టించకముందే అడగండి, మేడం గారూ."

అడుగుతానన్నాను. అప్పటికే జెర్సీలకు ఆర్డరు వెళ్ళిపోయిందని అతనికి చెప్పలేకపోయాను.